నిద్రపట్టని రాత్రులు – దేవుని సమాధానం



ఈ నెల మేము చింతను గురించి వ్రాయదలచాము. చింత లేని మనిషి ఎక్కడా లేడు. అయితే మన చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో చింతకు కూడా ఒక కారు ఉంది. తొలకరిలో పత్తి గింజ పెట్టిన నాడు అది మొలకెత్తుతుంది. మిరప నారు నాటిన తరువాత ఏపుగా పెరుగుతుంది. పూత మీద పురుగు కనిపించిన రాత్రి ఇంటి యజమానిని మంచం మీద నుండి లేపి అరుగు మీద కూర్చోబెడుతుంది. కోతలకు కూలీలు దొరికి, కాయ కల్లంలో ఎండి, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరేవరకు అది వదలదు. కొందరికైతే అసలు చింత అక్కడే మొదలవుతుంది. కమీషన్ వ్యాపారి పాత బాకీ, వడ్డీ మినహాయించుకొని చేతికిచ్చే పట్టీలో చివరి అంకె ఎంతో అప్పుడే గదా తెలిసేది!

పెద్దవారికి 1987-88 పత్తి కారు జ్ఞాపకముండే ఉంటుంది. అంతకు ముందు కొన్నేళ్ళు పత్తి మన గుంటూరు, ప్రకాశం జిల్లాలను ఆదుకున్నది. పురుగు మీద కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందులను జనం విచ్చలవిడిగా కొట్టారు. తెల్లదోమ తగ్గకపోగా విజృంభించింది. అప్పు తెచ్చి కొట్టిన మందే తెగులును పెంచిందన్న సంగతి తెలిసేసరికి చేలు మాడిపోయాయి. ఆ సంవత్సరం మన ప్రాంతంలో కొందరు పత్తి రైతులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. పత్తి రైతుల బలవన్మరణాలు అన్న మాట రాష్ట్రమంతా వినపడటం దాదాపు అప్పుడే మొదలు. ఆ ఇండ్లలో తల్లులు ఇంకా బ్రతికే ఉన్నారు. పిల్లలు పెద్దవారై, మళ్ళీ అవే చేలల్లో మిరప వేస్తున్నారు.

వారికి 2021-22లో నల్ల తామర పురుగు ఎదురైనది. పరదేశం నుండి వచ్చిన పురుగు. ఎక్కువగా పూలలో చేరుతుంది కాబట్టి మందుకు సులువుగా అందదు. పూత రాలిపోతే కాయ ఎక్కడిది? నిలువెత్తు మిరప తోటలను ట్రాక్టరు పెట్టి దున్నేసినవారు ఉన్నారు. సరే, పురుగు తగ్గిన ఏడు పంట బాగా వచ్చిందనుకొంటే ధర పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో క్వింటాకు 11,781 రూపాయల చొప్పున ఆదుకుంటామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చిందంటే మార్కెట్టు ఎంత దిగజారిందో చూడండి. ఎకరా మిరపకు పెట్టుబడి లక్ష రూపాయలు దాటి చాలా కాలమైనది. కౌలు దానికి వేరు.

ఇటువంటి రాత్రులలో మనము తెరిచే వాక్యము ఏదో మీకు తెలుసు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయం, ఆరు ఏడు వచనములు. దేని విషయంలోనూ చింతించవద్దనీ, ప్రార్థనలో విన్నపములను దేవునికి తెలియజేయమనీ, అప్పుడు మానవ జ్ఞానానికి అందని దేవుని సమాధానము మన హృదయములకు కావలి ఉంటుందనీ అపొస్తలుడు చెప్పిన మాట. క్యాలెండర్ల మీద, పెండ్లి పత్రికల మీద, గోడల మీద ఈ వాక్యమును అచ్చు వేయించుకున్నాము. అది మంచిదే. కాని అప్పుల్లో మునిగిన సహోదరుని దగ్గరకు వెళ్ళి ఈ రెండు వచనములు చదివి, ప్రార్థించి, టీ త్రాగి వచ్చేసేవారిని చూచినప్పుడు మాకు ఒక సందేహం కలుగుతుంది. వీరు ఆ అధ్యాయాన్ని ఏడవ వచనం దగ్గరే మూసేశారా?

అపొస్తలుడైన పౌలు ఈ పత్రిక వ్రాసినప్పుడు బంధకములలో ఉన్నాడు. తీర్పు ఎలా వస్తుందో తెలియదు, ప్రాణం ఉంటుందో పోతుందో తెలియదు. కాబట్టి చింత అంటే ఏమిటో తెలియక చెప్పిన మాట కాదు అది. అంతేగాక అదే అధ్యాయంలో కొంచెం క్రిందికి రండి. పద్నాలుగవ వచనంలో, తన శ్రమలో పాలు పంచుకొన్నందుకు ఫిలిప్పీ సంఘాన్ని మెచ్చుకుంటున్నాడు. పదునెనిమిదవ వచనంలో, వారు పంపిన సహాయము ఎపఫ్రొదితు చేతి మీదుగా తనకు ముట్టినదని రసీదు ఇచ్చినట్టు వ్రాస్తున్నాడు. అంటే ఏమిటి? దేవుని సమాధానమును గూర్చిన ఆ గొప్ప మాట ఒక డబ్బు సహాయానికి కృతజ్ఞత తెలుపుతూ వ్రాసిన జాబులో ఉన్నది! ఒక మనిషి ఆ సహాయాన్ని పట్టుకొని ఎంతో దూరం ప్రయాణం చేసి, జబ్బుపడి చావుకు సిద్ధమైనంత పని చేసి, దానిని చెరసాల దాకా చేర్చాడు. పౌలుకు దేవుడిచ్చిన సమాధానము నిజమైనదే. అది ఫిలిప్పీవారు తమ సంచి విప్పినందువల్ల వచ్చినదని మేము చెప్పము, అది ప్రభువు ఇచ్చినది. అయినా ప్రభువు ఆ సంచిని ప్రక్కన పెట్టలేదు. ఏడవ వచనాన్ని పద్నాలుగవ వచనం నుండి విడదీసి చెప్పే అధికారం మనకెవరిచ్చారు?

ఇక్కడ మన సంఘాల సంగతి ఒకటి చెప్పాలి. ఆదివారం ప్రార్థన మనవులు చీటీల మీద వ్రాసి ఇస్తారు గదా. మోకాళ్ళ నొప్పులకు, పిల్లల పరీక్షలకు, అమ్మాయి సంబంధానికి, కొడుకు ఉద్యోగానికి, వర్షానికి చీటీలు వస్తాయి. అప్పు కోసం ప్రార్థించండి అని చీటీ వ్రాసినవారు ఎంతమంది? బహు అరుదు. వ్రాసినా పేరు ఉండదు. ఎందుకంటే అప్పు ఉన్నదంటే విశ్వాసంలో ఏదో లోపమున్నదని మనలో ఒక తలంపు పాతుకుపోయింది. దీవెన పొందినవానికి ధాన్యము, డబ్బు కొదువ ఉండదని చెప్పే ప్రసంగాలు దానికి ఎరువు వేశాయి. పొలం గట్టున నిలబడి నాలుగు మూలలా నూనె చల్లి, ఇన్ని క్వింటాళ్ళు వస్తాయని మాట ఇచ్చి కానుక పట్టుకుపోయేవారు కూడా తయారయ్యారు. పొలంలో ప్రార్థన చేయించుకోవడం మంచిది, మన తాతలూ చేయించారు. దిగుబడికి హామీ ఇచ్చే ప్రార్థన మాత్రం లేఖనములలో లేదు. హబక్కూకు ప్రవక్త తన గ్రంథము చివర అంజూరము పూయకపోయినా, పొలము పండకపోయినా, దొడ్డిలో గొఱ్ఱెలు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానని అన్నాడే గాని, అవన్నీ తప్పక పండుతాయని అనలేదు.

అప్పుపడినవాడు దేవునికి దూరస్థుడనే తలంపును పోగొట్టడానికి రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయం చాలు. అక్కడ ఒక విధవరాలు ఎలీషా దగ్గరకు వచ్చి మొరపెట్టింది. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు. అతడు యెహోవాయందు భయభక్తులు గలవాడేనని ఆమె చెబితే ఎలీషా కాదనలేదు. అట్టివాడు అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకొని పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె ఈ మాటను మింగి, ముసుగు వేసుకొని ఇంట్లో పడుకోలేదు. ఎంత అవమానమైనా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఎలీషా ఆమెకు ధైర్యం చెప్పి పంపివేశాడా? లేదు. నీ ఇంట్లో ఏమున్నదో చెప్పు అని అడిగాడు. ఇది లెక్క అడగడమే. నూనె కుండ ఒకటి తప్ప ఏమీ లేదని ఆమె చెప్పింది. తరువాత ఆయన చెప్పిన పని చూడండి. ఇరుగుపొరుగు వారందరి దగ్గరకు వెళ్ళి వట్టి పాత్రలు అడిగి తెమ్మన్నాడు, కొంచెం కాదు, చాలా తెమ్మన్నాడు. ఒక్కసారి మన వీధిలో ఊహించుకోండి. భర్త పోయిన ఆడమనిషి ఇంటింటికీ వెళ్ళి ఖాళీ బిందెలు, డబ్బాలు అడిగితే ఎందుకమ్మా అని అడగరా? ఆమె కష్టం ఆ పూట వీధికంతా తెలిసే ఉంటుంది. పాత్రలన్నీ నిండిన తరువాత ప్రవక్త చెప్పిన వరుస కూడా గమనించండి. నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలిన దానితో నీవును నీ పిల్లలును బ్రతకండి. అద్భుతం దేవుడు చేశాడు. దాచకుండా చెప్పడం ఆమె చేసింది, గిన్నెలు ఇవ్వడం వీధివారు చేశారు.

కావున సహోదరులారా, ముందుగా ఇంటి యజమానులతో మాట్లాడుతున్నాము. మన ఇండ్లలో భార్యకు భర్త అప్పు పూర్తిగా తెలియదు. పురుగుమందుల కొట్లో ఖాతా ఎంత, కమీషన్ వ్యాపారి దగ్గర ఎంత, ప్రామిసరీ నోటు మీద ఎవరెవరి దగ్గర ఎంత అన్నది ఆయన ఒక్కడి గుండెలోనే ఉంటుంది. ఆడవారికి ఎందుకులే బాధ అనుకుంటాడు. అది ప్రేమతో చేసే పనే కావచ్చు. కాని ఆ లెక్క లోపలే ఉండి మనిషిని తినేస్తుంది. ఈ వారంలో ఒక రాత్రి, పిల్లలు పడుకున్న తరువాత, భార్యను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఒక తెల్లకాగితం మీద అన్నీ వ్రాయండి. అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి కట్టాలి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. నోటితో అనుకుంటే చిన్నదిగా కనబడే ఈ సంగతి కాగితం మీద వ్రాస్తే గాని బోధపడదు. వ్రాసిన కాగితాన్ని ఇద్దరి మధ్య పెట్టుకొని ప్రార్థించండి. విన్నపములు దేవునికి తెలియజేయడమంటే ప్రభువా మా కష్టాలు తీర్చుము అని ఒక్క మాట అనేసి లేవడం కాదు. పేరుపేరునా, అంకెతో సహా చెప్పవచ్చు. ఆయనకు తెలియదని కాదు, మనము దాచుకొనకుండా ఉండుటకు.

అమ్మా, సహోదరీ, మీరు కూడా ఆ రాత్రి ఒక పని చేయాలి. కాగితం చూచి కోపం రావచ్చు, ఏడుపు రావచ్చు. ఇంత చేశావా అన్న మాట నోటిదాకా వస్తుంది. ఆ ఒక్క మాట ఆ రాత్రికి ఆపండి. తెల్లవారిన తరువాత మాట్లాడుకోవచ్చు.

బ్రతుకు మీద విసుగు పుట్టినవారిని గూర్చి కూడా సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. మనము పాపమని ఒక్క మాట అని మూసేసే విషయము ఇది. ఏలీయా ఎంతటి ప్రవక్త! కర్మెలు మీద అగ్నిని దింపినవాడు, కొద్ది దినములకే అరణ్యంలో బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణము తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు గద్దించలేదు, నీ విశ్వాసం ఏమైపోయిందని అడగలేదు. దూతను పంపి అతని తల దగ్గర రొట్టె, నీళ్ళు పెట్టించాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండవసారి కూడా లేపి తినిపించాడు. ప్రయాణము నీ శక్తికి మించినదని దూత అతనితో ఒప్పుకున్నాడు. మాటలు తరువాత, చాలా దినముల తరువాత, హోరేబులో. మన ఇరుగుపొరుగులో అన్నం మానేసి, మాట మానేసి, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఉంటే, మొదట బైబిలు పట్టుకొని వెళ్ళవలసిన పని లేదు. కేరేజీలో అన్నం పట్టుకొని వెళ్ళండి. వాక్యం తరువాత చదవవచ్చు.

మన ప్రాంతంలో సువార్త ఎలా వేళ్ళు తన్నిందో కూడా ఈ సందర్భంలో జ్ఞాపకం చేసుకోవడం మంచిది. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతా పెద్ద కరువు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ప్రజలను ప్రార్థించుకొమ్మని చెప్పి ఊరుకోలేదు. ప్రభుత్వం త్రవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్న వేలాదిమందికి మట్టి పని, దానికి కూలి దొరికాయి. సంఘ బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. పని ఆపిన వేళల్లో ఆ బోధకులు మట్టి తట్టలు దించిన జనానికి మరల మరల వివరించిన వాక్యము మత్తయి సువార్త పదకొండవ అధ్యాయం ఇరువది ఎనిమిదవ వచనము, ప్రయాసపడి భారము మోయుచున్నవారిని ప్రభువు తన యొద్దకు పిలిచి విశ్రాంతినిస్తానన్న మాట. తల మీద నిజంగా తట్ట మోసినవారికి, ఆ రోజు కూలి చేతిలో పెట్టిన తరువాత, ఈ మాట ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి.

ఇంకొక సంగతి. కరువు సాగినంత కాలం, అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకుండా, క్లౌ గారు బాప్తిస్మాలు ఆపివేశారు. సహాయం ఇచ్చారు గాని దానికి బదులు ఏమీ అడగలేదు. కరువు పని ముగిసిన తరువాత, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పినా జనం తరలివచ్చారు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఏటిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు ఊరి బయట పల్లెలలో నివసించిన నిరుపేదలు. మన సంఘాలలో చాలా కుటుంబాల ముత్తాతలు అలాటివారే. వారు మోసిన భారము ఏమిటో అడగకుండా వారికి విశ్రాంతిని బోధించినవారు ఎవరూ లేరు.

అటువంటి సంఘాలలో ఈ రోజు జరుగుతున్న ఒక పనిని గూర్చి వ్రాయక తప్పదు. కొందరికి కష్టం కలగవచ్చు. నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయంలో, కరువు కాలంలో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు తాకట్టుపెట్టి, పిల్లలను దాస్యానికి అప్పగించిన జనం మొరపెట్టుకున్నారు. అప్పు ఇచ్చినవారు అన్యులు కారు, స్వజనులైన యూదులే. నెహెమ్యాకు మిగుల కోపం వచ్చింది. పెద్దలను పిలిచి సభలో నిలదీశాడు. పొలాలు తిరిగి ఇవ్వమనీ, వారి దగ్గర తీసుకుంటున్న నూరవ భాగమును కూడా తిరిగి ఇవ్వమనీ చెప్పాడు. నూరవ భాగము అంటే నెలకు నూటికి ఒకటి అని పండితులు వివరిస్తారు. మన భాషలో రూపాయి వడ్డీ! రూపాయి వడ్డీకే నెహెమ్యా కొంగు దులిపి శాపవచనము పలికాడు. మన సంఘంలో ముందు బల్లల మీద కూర్చొని, ప్రక్క బల్ల మీది సహోదరునికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చి, ఆదివారం అతనితో కలిసి ప్రభువు బల్లలో పాలుపొందేవారు ఈ అధ్యాయం ఇంటి దగ్గర ఒకసారి చదువుకోవాలి. అప్పు మాఫీ చేయమని మేము అనడం లేదు. ఈ పంట దెబ్బతిన్న ఏటికి వడ్డీ ఆపి, అసలుకు గడువు ఇవ్వగలరా? నెహెమ్యా కాలపు పెద్దలు అలాగే చేస్తామని ఒప్పుకున్నారు.

పొలం కౌలుకు ఇచ్చిన విశ్వాసులకు కూడా ఒక మనవి. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు ఆ కార్డు ఉంటే బ్యాంకు రుణానికి, పంట నష్ట పరిహారానికి దారి ఏర్పడుతుంది. దానికి భూమి యజమాని అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. భూమి పోతుందన్న భయంతో చాలామంది చేయలేదు. ఆ చట్టంలో కార్డు కాలపరిమితి పదకొండు నెలలే, భూమి మీద హక్కు పోదు. సంతకం లేక కౌలుదారు మూడు రూపాయల వడ్డీకి పోతున్నాడు. పొలమిచ్చినవారు క్రైస్తవులై, కౌలుదారు కూడా క్రైస్తవుడైనప్పుడు ఈ సంతకం కోసం అతడు మన గుమ్మం చుట్టూ తిరగవలసి రావడం బాగుండలేదు. సంఘానికి పొలాలున్నచోట, వాటిని వేలం పాటలో అత్యధికంగా పాడినవానికి ఇచ్చే పెద్దలు సైతం దీనిని ఆలోచించాలి.

పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి ఒకటి రెండు మాటలు. కోతల కాలం ముగిసి పట్టీలు చేతికి వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంటి దర్శనాలు పెంచండి. ఎవరు ఆరాధనకు రావడం మానేశారో చూడండి. కానుక వేయలేక సిగ్గుతో మానేసినవారు ఉంటారు. ఇండ్లలో పురుగుమందు డబ్బాలు మంచం క్రింద, వంటగది అటక మీద ఉంటాయి. ఆ డబ్బాలను ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళం మనసు బాగాలేని మనిషి చేతికి అందకుండా ఉంచమని ఇంటి ఆడవారికి చెప్పండి. మిగిలిన మందు ఇంటికి తేవద్దని చెప్పండి. ఒక చెడ్డ గడియ దాటితే మనిషి బ్రతుకుతాడు. ఆ గడియ దాటించడానికి తాళం కూడా పనికి వస్తుంది.

మనసు చెదిరినవారికి వైద్యం చేయించడం విశ్వాసానికి విరోధం కాదు. జ్వరానికి ఆసుపత్రికి తీసుకొని పోతాము, ఇది కూడా అంతే. 2022 అక్టోబరు నుండి టెలి మానస్ అని ప్రభుత్వం వారి ఫోను సహాయం నడుస్తున్నది. నంబరు 14416. రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును మందిరం గోడమీద, వాక్యముల ప్రక్కనే, పెద్ద అక్షరాలతో వ్రాయించండి. ఫోను చేయడానికి బిడియపడేవారు ఉంటే, వారి ప్రక్కన కూర్చొని మీరే ఆ నంబరు నొక్కి ఫోను వారి చేతికి ఇవ్వండి.